సిలికాన్ మోల్డ్‌లోంచి సబ్బు విరగకుండా రావాలంటే

నమస్తే అండీ. మీరు రాసింది చదువుతుంటే ఆ విరిగిన గులాబీలు నా కళ్ళ ముందే ఉన్నట్టనిపించింది. 250 గ్రాముల తవుడు నూనె, 150 గ్రాముల కొబ్బరి నూనె, 100 గ్రాముల ఆముదం, 70 గ్రాముల కాస్టిక్ సోడా, 190 గ్రాముల నీళ్ళు. ఆరేసి గులాబీలున్న రెండు సిలికాన్ మోల్డ్‌లలో పోసి, మర్నాడు సాయంత్రం తీశారు. పన్నెండింటిలో తొమ్మిదింటికి పై రేకులు మోల్డ్‌లోనే ఉండిపోయాయి. ఇంకో ఆరు వారాల్లో మీ అమ్మాయి ఓణీల ఫంక్షన్, రిటర్న్ గిఫ్ట్‌లకి 60 సబ్బులు కావాలి. బేగంబజార్‌లో కొన్న మోల్డ్ నాసిరకమా, లోపల నూనె రాసి పోయాలా, ఫ్రీజర్‌లో పెట్టి తీయాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు మోల్డ్ సంగతి చెప్పేస్తాను. మూడు గులాబీలు చక్కగా వచ్చాయంటే మోల్డ్‌లో లోపం లేదు. మీ సబ్బు ఇంకా బయటికి వచ్చే దశకు చేరలేదు, అంతే. పన్నెండేళ్ళుగా మల్కాజిగిరిలో మా ఇంటి వెనక గదిలో సబ్బులు చేస్తున్నాను. మోల్డ్‌కి సబ్బు అంటుకుందని నాకు ఫోన్ చేసినవాళ్ళలో దాదాపు అందరి సమస్యా ఇదే. ఇడ్లీ రేకు పొయ్యి మీంచి దించీ దించగానే స్పూన్ పెడితే సగం ఇడ్లీ రేకుకే ఉండిపోతుంది. రెండు నిమిషాలు ఆగితే అదే రేకులోంచి అదే ఇడ్లీ గుండ్రంగా లేచొస్తుంది. సబ్బుకి ఆ రెండు నిమిషాలు రెండు మూడు రోజులు. ఒక్కోసారి వారం.

ఎందుకు అంత సమయం పడుతుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. నూనె, లై (అంటే కాస్టిక్ సోడా) కలిసి సబ్బుగా మారేటప్పుడు లోపలినుంచి వేడి పుడుతుంది. కిలో సబ్బు ఒకే పెద్ద చెక్కపెట్టెలో పోస్తే ఆ వేడి బయటికి పోదు. మధ్యలో 70 డిగ్రీల దాకా ఎక్కి, సబ్బు కాసేపు వాజ్‌లైన్‌లా పారదర్శకంగా మారి, మళ్ళీ చల్లబడి గట్టిపడుతుంది. దాన్నే జెల్ అంటారు. ఇలా జెల్ అయిన సబ్బు ఒక్క రోజులో కత్తికి తెగుతుంది. అదే మిశ్రమాన్ని 60 గ్రాములు పట్టే చిన్న చిన్న గుంటల్లో పోస్తే వేడి నాలుగు వైపులా జారిపోతుంది. సబ్బు అవుతుంది గానీ నెమ్మదిగా అవుతుంది, చాలా రోజులు మెత్తగా ఉంటుంది. మీరు ఏ వీడియోలోనో 24 గంటలని విని ఉంటారు. ఆ లెక్క పెద్ద పెట్టెలో పోసే సబ్బుది. గులాబీ గుంటలకి అది వర్తించదు.

దీనికి తోడు సిలికాన్ నీటిని పీల్చదు. చవితికి మట్టి వినాయకుణ్ణి అచ్చుతో చేసినప్పుడు చూసే ఉంటారు, అచ్చు నీటిని కొంత లాగేస్తుంది, మట్టి కుంచించుకుంటుంది, గోడను అదే వదులుతుంది. ధూల్‌పేటలో విగ్రహాలు చేసేవాళ్ళని అడిగితే ఆరకుండా అచ్చు విప్పకూడదనే చెప్తారు. సిలికాన్‌లో సబ్బుకి ఆరడానికి పైముఖం ఒక్కటే దారి. రేకులున్నది అడుగున. అంటే అన్నిటికంటే సన్నగా, సున్నితంగా ఉన్న భాగమే అన్నిటికంటే ఆఖరున ఆరుతుంది. వెనక్కి తిప్పి వేలితో నొక్కి చూస్తే గట్టిగా ఉందనిపించి తీస్తాం, రేకు అడుగున ఇంకా కోవాలా ఉంటుంది.

ఇక మీ రెసిపీ. మీ లై కొలత సరిగ్గానే ఉంది, అందులో భయం లేదు. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. నురుగు బాగా వస్తుందని ఆముదం ఎక్కువ వేసినట్టున్నారు. 500లో 100 అంటే ఐదో వంతు. ఆముదం నురుగుని నిలబెడుతుంది, నిజమే, కానీ పదో వంతు దాటితే సబ్బు జిగురుగా తయారవుతుంది. చేత్తో పట్టుకుంటే బెల్లం పాకం తగిలినట్టు ఉంటుంది. ఆ జిగురే సన్నని రేకుల దగ్గర గోడను పట్టుకుంటుంది. నేను ఇరవయ్యో వంతు దాటనివ్వను.

రెండోది నీళ్ళు. 70 గ్రాముల లైకి 190 గ్రాముల నీళ్ళు అంటే లైకి 2.7 రెట్లు. ఆ నీళ్ళన్నీ సబ్బులోంచి బయటికి పోవాలి, సిలికాన్‌లోనేమో పోయే దారి లేదు. లైకి సరిగ్గా రెండింతల నీళ్ళు వాడండి. 70కి 140. ఆ ఒక్క మార్పుతోనే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. దానికంటే తగ్గించకండి. చెయ్యి అలవాటు పడకముందు చిక్కటి లైతో పని ప్రమాదం. పైగా మిశ్రమం తొందరగా చిక్కబడి రేకుల్లోకి దిగదు.

తవుడు నూనె మంచిదే, మన దగ్గర చవగ్గా దొరుకుతుంది, ఒంటికి హాయిగా ఉంటుంది. కానీ అది మెత్తని సబ్బు చేసే నూనె. దానికి తోడుగా గట్టిదనం ఇచ్చేది ఏదో ఒకటి ఉండాలి. కిరాణా కొట్లో ప్యాకెట్లలో అమ్మే పామాయిల్ వేద్దామని చాలామంది అనుకుంటారు. అది పామోలిన్, పామాయిల్‌లోని పలచని భాగాన్ని వేరుచేసి అమ్ముతారు. గట్టిపడే భాగం అందులో చాలావరకు ఉండదు. నా ఓటు కోకం గింజల నుంచి తీసే కొవ్వుకి, అంటే కోకం బటర్‌కి. గట్టిగా, తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు. మీకు నేనిచ్చే కొలత ఇది. కొబ్బరి నూనె 175, తవుడు నూనె 225, కోకం బటర్ 75, ఆముదం 25, మొత్తం 500 గ్రాములు. లై 71, నీళ్ళు 142. లైలో 5 శాతం తగ్గించి వేసిన లెక్క ఇది. అలా లై అందని నూనె సబ్బులో అలాగే మిగిలి చర్మాన్ని ఎండిపోనివ్వదు. నా మాట మీద కూడా ఆధారపడకండి, లై కాలిక్యులేటర్‌లో మీరే ఒకసారి వేసి చూసుకోండి. ఏ నూనె మార్చినా, 10 గ్రాములు అటూ ఇటూ అయినా మళ్ళీ లెక్క వేయాల్సిందే. ఈ పనిలో ఉజ్జాయింపు అనే మాటకి చోటు లేదు.

నీళ్ళలో లై వేసే ముందే ఒక టీస్పూన్ మామూలు ఉప్పు కరిగించండి. అయోడిన్ లేనిదైతే మంచిది. ఉప్పు సబ్బును తొందరగా గట్టిపరుస్తుంది. సబ్బును గట్టిపరచడానికే వాడే సోడియం లాక్టేట్ ద్రవం దొరికితే ఇంకా బాగుంటుంది. లై నీళ్ళు చల్లారాక 500 గ్రాముల నూనెకి ఒక టీస్పూన్ కలపాలి. రెండూ కలిపి వేయొద్దు, ఎక్కువా వేయొద్దు. మోతాదు మించితే సబ్బు పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు రేకు అంటుకుని విరగదు, పెళుసై విరుగుతుంది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. మీది కూకట్‌పల్లి అన్నారు. అటువైపు అపార్ట్‌మెంట్లలో చాలావాటిలో బోరు నీళ్ళే. ఆ ఉప్పు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి కడతాయి. స్నానాల గది బకెట్ అంచున పేరుకునేది అదే. సబ్బు చేయడానికి మాత్రం డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి.

లై డబ్బా మూత గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు ఒక వానాకాలం మొత్తం నష్టం చేసింది. ఒక కొట్లో విడిగా తూచి ఇచ్చిన కాస్టిక్ సోడా తెచ్చాను. పలుకులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, పట్టించుకోలేదు. వరసగా నాలుగు వాయిలు మెత్తగా, నూనె ఓడుతూ వచ్చాయి, మోల్డ్‌కి జిడ్డులా పట్టాయి. నూనెలు మార్చాను, మోల్డ్‌లు మార్చాను. చివరికి కొత్త సీల్ డబ్బా తెచ్చి పాత కొలతలతోనే చేస్తే సబ్బు మూడో రోజుకి టకటకలాడుతూ వచ్చింది. లై గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. 70 గ్రాములు తూచినా అందులో లై 70 ఉండదు. ఈ ముసురులో మీ డబ్బా ఒకసారి ఊపి చూడండి. పలుకులు గలగలమంటే మంచిదే. గడ్డకట్టి ఉంటే పక్కన పెట్టేయండి. బాత్రూమ్ పైపులు శుభ్రం చేసే పొడి ప్యాకెట్లు మాత్రం సబ్బుకి ఎప్పుడూ వాడకండి, వాటిలో ఇంకేవో కలుస్తాయి.

మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. లైని నీళ్ళలో పోయాలి, నీళ్ళని లైలో పోయకూడదు. కళ్ళద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి. కిటికీ తెరిచి ఉండాలి. అల్యూమినియం గిన్నె, గరిటె దగ్గరికి రానివ్వొద్దు, లై తగిలితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. స్టీలు గిన్నె వాడండి. చర్మం మీద పడితే వెంటనే కుళాయి కింద చాలాసేపు కడగాలి.

ఇప్పుడు పోయడం గురించి. గులాబీ సెంట్లు, మల్లె సెంట్లు లాంటి పూల సువాసనలు మిశ్రమాన్ని గబుక్కున చిక్కబరుస్తాయి. చిక్కబడ్డాక పోస్తే రేకుల మూలల్లోకి దిగదు, గాలి బుడగలు చిక్కుకుంటాయి. బుడగ ఉన్న చోట రేకు బోలుగా ఉండి, తీసేటప్పుడు అక్కడే తెగుతుంది. మిశ్రమం దోసెల పిండికంటే పలచగా, మజ్జిగ పులుసులా ఉన్నప్పుడే సెంటు వేసి, బ్లెండర్ ఆపేసి, గరిటెతో కలిపి పోసేయండి. ముందు ఒక్కో గుంటలో ఒక స్పూన్ వేసి, మోల్డ్ కింద పెట్టిన ట్రేని బల్ల మీద పది పన్నెండుసార్లు తట్టండి. తర్వాత నిండా పోసి మళ్ళీ తట్టండి. ట్రే లేకుండా మోల్డ్‌ని ఎత్తితే ఒంగిపోయి మొత్తం ఒలుకుతుంది, కాబట్టి పోయకముందే ట్రే మీద పెట్టుకోవాలి.

అసలు రహస్యం పోశాక ఉంది. చిన్న గుంటలు వేడిని పోగొట్టుకుంటాయన్నాను కదా, ఆ వేడిని మనమే ఇవ్వాలి. నేను ఒక థర్మోకోల్ పెట్టె ఉంచుకున్నాను. మోల్డ్‌లు ట్రేతో సహా అందులో పెట్టి, పక్కన రెండు సీసాల్లో బాగా వేడి నీళ్ళు పోసి, మూత బిగించి, పైన పాత దుప్పటి కప్పేస్తాను. పన్నెండు గంటలు కదపను. రెండు మూడు గంటల తర్వాత ఒక్కసారి మాత్రం మూత కొంచెం ఎత్తి చూస్తాను. సబ్బు మధ్యలో రంగు ముదిరి, తడిసిన కాగితంలా పారదర్శకంగా కనిపిస్తే పని జరుగుతున్నట్టు. పైన ఉబ్బుతున్నా, పగులుతున్నా దుప్పటి తీసేయాలి. ఓటీజీని, అంటే కరెంట్ ఓవెన్‌ని, 75 డిగ్రీలకి వేడిచేసి, ఆపేసి, అందులో పెట్టేవాళ్ళున్నారు. సిలికాన్‌కి ఆ వేడి లెక్కలోది కాదు గానీ, కాస్త ఎక్కువైతే సబ్బు గోడల వెంబడి సన్నటి బుడగలొచ్చి నారింజ తొక్కలా కనిపిస్తుంది. గులాబీకి అది బాగుండదు. దుప్పటే మేలు.

మన ఊళ్ళో ఇది కాలాన్ని బట్టి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటినప్పుడు పై అంతస్తు గదిలో ఏ దుప్పటీ అక్కర్లేదు, ఇంకా ఎక్కువ వేడెక్కుతుందేమో చూసుకోవాలి. డిసెంబర్, జనవరిల్లో సీసాలో కొబ్బరి నూనె గడ్డకట్టిందంటే గది 24 డిగ్రీలకంటే చల్లగా ఉన్నట్టు. అప్పుడు దుప్పటి లేకుండా చిన్న మోల్డ్‌లలో పోయడం వృథా. నా మొదటి చలికాలంలో శంఖం ఆకారపు మోల్డ్‌లలో పోసి, రెండో రోజు తీస్తే ఎనిమిదింటికీ మూతులు ఊడి వచ్చాయి. ఆ రోజు ఏడుపొచ్చింది, మా అత్తగారు వాటిని ఏరి గిన్నెలో వేసి దాచారు. ఆ ముక్కల సంగతి కింద చెప్తాను. ఒక్క మినహాయింపు. పాలు, తేనె, పంచదార వేసిన సబ్బు తనంతట తానే బాగా వేడెక్కుతుంది. దానికి దుప్పటి కప్పొద్దు.

మర్నాడు మూత తీసి, మోల్డ్‌ని ఫ్యాను తగిలే చోట పెట్టండి. కనీసం మూడో రోజు దాకా ముట్టుకోవద్దు. ఎప్పుడు తీయాలో గడియారం చెప్పదు, గోడ చెప్తుంది. గ్లోవ్స్ వేసుకుని, ఒక గుంట అంచు దగ్గర సిలికాన్‌ని బొటనవేలితో మెల్లగా బయటికి లాగి, వెలుతురులో చూడండి. సబ్బు అంచు తడి గాజులా మెరుస్తూ, గోడతోపాటు సాగి, వదలనా వద్దా అన్నట్టు విడిపోతే ఇంకా కాలేదు. లాగీ లాగగానే చప్పున విడిపోయి, అంచు మైనంలా మెరుపు లేకుండా, పొడిగా కనిపిస్తే అయినట్టు. బాగా అయిన సబ్బు మీరు లాగకముందే గోడ నుంచి వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. వెనకవైపు వేలితో నొక్కితే నొక్కుడు పడకూడదు.

తీసేటప్పుడు మనం చేసే తప్పు ఏమిటంటే, వెనక నుంచి గులాబీ నడిమధ్య బొటనవేళ్ళతో గట్టిగా పొడవడం. అక్కడే రేకులు లోతుగా ఉంటాయి. గోడలన్నీ ఇంకా పట్టుకుని ఉన్నాయి, సబ్బుకి సిలికాన్‌కి మధ్య గాలి లేదు. మీరు పొడిస్తే అది చూషణంలా లోపలికి పీల్చి పట్టుకుంటుంది. చివరికి బలహీనమైన చోట తెగుతుంది.

ముందు గాలి లోపలికి వెళ్ళనివ్వాలి. మోల్డ్ నిటారుగా ఉండగానే, ఒక గుంట చుట్టూ అంచుని నాలుగు వైపులా, తర్వాత నాలుగు మూలలా, మెల్లగా బయటికి లాగండి. ఒక్కోసారి చిన్న చప్పుడు వినిపిస్తుంది. గాలి దూరిందన్న గుర్తు అది. అన్ని గుంటలకీ ఇదే చేసి, ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత మడిచిన తువ్వాలు మీద మోల్డ్‌ని బోర్లించండి. ఇప్పుడు గులాబీ గుబ్బ పైకి ఉంటుంది. గుబ్బ మీద కాకుండా, దాని చుట్టూ ఉన్న పళ్ళెం భాగాన్ని రెండు చేతుల వేళ్ళతో కిందికి నొక్కుతూ పోతే సబ్బు వెనకభాగం బయటికి జారుతుంది. సగం వచ్చాక ఆగండి. ఇప్పుడు మేజోడు తిరగేసినట్టు సిలికాన్‌ని సబ్బు మీంచి వెనక్కి ఒలుచుకుంటూ రండి. అరటిపండు తింటున్నప్పుడు తొక్కని లాగుతాం గానీ పండుని లాగం కదా. ఇక్కడా అంతే, సబ్బుని లాగొద్దు, మోల్డ్‌ని ఒలవండి. రేకు కొసల దగ్గరికి వచ్చినప్పుడు ఒక వైపు నుంచి మరో వైపుకి, రేకు వాలిన దిశలోనే ఒలిస్తే కొసలు తెగవు. మొదటి గులాబీకి రెండు నిమిషాలు పడుతుంది, పదో గులాబీకి చెయ్యి దానంతటదే వెళ్తుంది.

మధ్యలో ఎక్కడైనా రేకు సాగుతున్నట్టు, మెరుస్తున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. సిలికాన్‌ని మళ్ళీ యథాస్థానానికి తెచ్చి, వేలితో అద్ది, ఇంకో రోజు వదిలేయండి. సగంలో ఆపడం కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మొండిగా లాగినవాటిలో ఒక్కటి కూడా నా చేతికి మొత్తంగా రాలేదు.

ఫ్రీజర్ గురించి అడిగారు. పని చేస్తుంది, కానీ నేను చివరి మార్గంగానే చెప్తాను. రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో పెడితే సబ్బు రాయిలా అవుతుంది, కాస్త కుంచించుకుంటుంది, బయటికి తీసిన ఒకటి రెండు నిమిషాల్లో పైన చెప్పినట్టే ఒలిస్తే సులభంగా వస్తుంది. ఇబ్బంది ఆ తర్వాత. చల్లటి సబ్బు మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. ఈ వానల్లో అయితే నీళ్ళు కారినట్టే ఉంటుంది. ఆ సమయంలో వేలు తగిలితే ముద్ర పడిపోతుంది, రేకుల పదును పోతుంది. ఫ్రీజర్ గట్టిదనం ఇవ్వదు, కాసేపు గడ్డకట్టిస్తుంది అంతే. లోపల మెత్తగా ఉన్న సబ్బు గది వేడికి రాగానే మళ్ళీ మెత్తబడుతుంది. అయినా పెట్టాల్సి వస్తే, మూడు రోజులు మోల్డ్‌లో ఉన్నాకే పెట్టండి. జిప్ కవర్లో పెట్టి, తినే పదార్థాలకి దూరంగా ఉంచండి. తీశాక రేకు పైకి ఉండేలా జల్లెడ మీద పెట్టి, ఫ్యాను కింద నాలుగైదు గంటలు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. న్యూస్‌పేపర్ మీద పెట్టొద్దు, సిరా అంటుకుంటుంది.

మోల్డ్‌కి నూనె రాయడం మాత్రం వద్దేవద్దు. వంటనూనె ఏది రాసినా మిశ్రమంలోని లై దాన్ని కూడా సబ్బు చేసేస్తుంది, మీరు రాసినది అసలు ఉండదు. వాజ్‌లైన్ సబ్బుగా మారదు గానీ, రేకుల మధ్య సన్నటి గీతల్లో పేరుకుని అచ్చుని మొద్దుబారుస్తుంది, సబ్బు మీద జిడ్డు మచ్చలు మిగులుతాయి. మొక్కజొన్న పిండి చల్లితే తెల్లటి పొరలు పొరలుగా వస్తుంది. సిలికాన్‌ని వాడేదే ఏమీ రాయక్కర్లేదని.

ఇప్పుడు మోల్డ్‌లో ఉండిపోయిన రేకుల్ని గోరుతో, పుల్లతో గీకకండి. గీతలు పడితే తర్వాతి సబ్బు ఆ గీతల్ని పట్టుకుంటుంది. అది సబ్బే కదా, గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెడితే దానంతటదే కరిగిపోతుంది. మెత్తటి బ్రష్‌తో కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరనివ్వండి. స్టీలు పీచు దగ్గరికి రానివ్వకండి. ఒక చుక్క నీరు మిగిలినా ఆ చోట సబ్బు గుంట పడుతుంది.

విరిగిన తొమ్మిదింటిని పారేయకండి. మా అత్తగారు దాచిన శంఖం ముక్కల్ని తర్వాత తురిమి, 500 గ్రాములకి రెండు మూడు చెంచాల నీళ్ళు కలిపి, స్టీలు గిన్నెలో వేసి, మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి మెత్తగా ఉడికించాం. జావలా అయ్యాక సాదా గుండ్రటి మోల్డ్‌లో అదిమాం. నునుపు ఉండదు, నాటుగా ఉంటుంది, కానీ మంచి సబ్బు. మీదింకా వారం కూడా కానిది కాబట్టి గ్లోవ్స్‌తో లడ్డూల్లా చుట్టేయొచ్చు కూడా. ఏది చేసినా నాలుగు వారాలు ఆరాకే వాడాలి.

ఒకవేళ ఎవరైనా సమయం లేదని మెల్ట్ అండ్ పోర్ బేస్‌తో (కరిగించి పోసుకునే రెడీమేడ్ సబ్బు దిమ్మతో) చేయమంటే, దాని లెక్కలు వేరు. అందులో లై పని ముందే అయిపోయి ఉంటుంది, నాలుగైదు గంటల్లో గట్టిపడుతుంది, ఫ్రీజర్‌లో 15 నిమిషాలు చాలు, ఇంకా పెడితే పెళుసవుతుంది. గ్లిజరిన్ ఎక్కువ కాబట్టి వానాకాలంలో మీద నీటి బొట్లు కడతాయి. తీసిన వెంటనే ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టేయాలి. మీరు నూనెలతో చేయాలని మొదలుపెట్టారు, అదే చేయండి, సమయం సరిపోతుంది.

లెక్క చూడండి. 42 రోజులున్నాయి, అందులో 28 రోజులు ఆరడానికి పోతే చేతిలో ఉన్నవి 14. మీ రెండు మోల్డ్‌లతో ఒక వాయికి 12 వస్తాయి, వాయికి మూడు రోజులు, కడిగి ఆరబెట్టడానికి ఒక రోజు. 60 పూర్తి కావడానికి 20 రోజులు పడుతుంది, కుదరదు. ఇంకో రెండు మోల్డ్‌లు కొనండి. కిలో నూనెలతో చేయండి, నేనిచ్చిన కొలతలన్నీ రెట్టింపు, అంటే లై 142, నీళ్ళు 284. 24 గులాబీలు వస్తాయి. మొదటి రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు పోస్తే పన్నెండో రోజుకి 72 చేతిలో ఉంటాయి. 60 పోగా మిగిలిన పన్నెండు విరిగినవాటికీ, చుట్టాలు అడిగితే ఇవ్వడానికీ. కొత్త మోల్డ్ కొనేటప్పుడు రేకులు మరీ లోపలికి ముడుచుకున్నవి వద్దు, బయటికి విచ్చుకున్న గులాబీ తీసుకోండి. లోపలిభాగం వేలితో తడిమితే నునుపుగా ఉండాలి, గోడ మందంగా ఉన్నా వేలికి ఒంగాలి.

మొదటి వాయి తీసేది రేపో ఎల్లుండో కాదు, పోసిన మూడో రోజు సాయంత్రం. ఆ రోజు ఒక్క గులాబీ మాత్రం తీసి చూడండి. అది శుభ్రంగా వస్తేనే మిగతావి తీయండి, రాకపోతే ఇంకో రోజు. తీసినవాటి మీద తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడకండి, లై గాలితో కలిసి ఏర్పడే సోడా పొర అది, ఆరాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఒకదానికొకటి తగలకుండా, వెదురు జల్లెడలో, ఎండ తగలని గాలి గదిలో పెట్టండి. వారానికోసారి తిప్పండి. ప్యాకింగ్ ప్లాస్టిక్ కవర్లలో చేయకండి, ఈ తేమలో చెమ్మ పట్టేస్తుంది. పలచని కాగితంలో చుట్టి, మీ అమ్మాయి పేరు దారంతో కట్టిన చిన్న చీటీ మీద రాస్తే బాగుంటుంది.